మామిడి కవర్లు: కొన్ని కాపుల తర్వాత నా మాట

చెట్టు మీదే మామిడి కాయలకు కాగితం కవర్లు కట్టామంటే ఎవరైనా ముందు రంగు గురించే అడుగుతారు. బంగినపల్లి బంగారంలా వస్తుంది, ఫొటోకి బాగుంటుంది, నిజమే. నేను వీటిని వదలకపోవడానికి కారణం మాత్రం రంగు కాదు. పండు కోసి ఎవరికైనా పెట్టేటప్పుడు లోపల పురుగు ఉంటుందేమోనన్న టెన్షన్ పోయింది. నూజివీడు వైపు మామిడి పండించేవాళ్లకు అదెంత పెద్ద ఊరటో వేరే చెప్పక్కర్లేదు.

పండు ఈగ దెబ్బ బయటికి కనబడదు. ఆడ ఈగ తొక్క కింద గుడ్లు పెడుతుంది. అప్పటికి సూది గుచ్చినంత గుర్తు, అంతే. కాయ కోసి, గ్రేడింగ్ చేసి, పెట్టెల్లో పంపాక, మాగే వేళకు లోపల తెల్లటి పురుగులు కదులుతాయి. 2014లో యూరప్ మన మామిడిని కొంతకాలం ఆపేసిందీ ఈ ఈగల వల్లే. వాసనతో ఈగల్ని లాగి చంపే మిథైల్ యూజినాల్ ఎరలు నేను ఎప్పటినుంచో కడుతున్నాను, ఇప్పటికీ మానలేదు. డబ్బాలో గుప్పెడు ఈగలు చచ్చిపడి ఉంటే ప్రాణం లేచొస్తుంది. అయితే ఆ వాసనకు వచ్చేవి మగ ఈగలే. పక్క తోటలో ఎరలు లేకపోతే అక్కడ జతకట్టిన ఆడ ఈగ నేరుగా మన కాయ మీద వాలుతుంది. దానికీ కాయకీ మధ్య కాగితం అడ్డుంటే ఇక చేయగలిగింది లేదు. ఈగ కోసం కోత ముందు మందు కొట్టడం మానేశాను. కవరు కట్టాక తొక్క మీద కొత్తగా మంగు మచ్చలు పట్టవు, కొమ్మలు రాసుకున్నా తొక్క గీరుకోదు.

చిక్కొచ్చింది అందరూ మెచ్చుకునే ఆ రంగు దగ్గరే.

కవరు లోపలి పొర నల్లగా ఉంటుంది. వెలుతురు తగలక తొక్కలో పచ్చదనం నిలవదు, అడుగున ఉన్న పసుపు తేలుతుంది. అంటే కాయ తయారవకముందే పండు రంగులోకి వచ్చేస్తుంది. కోత ముఠా వాళ్లకు కళ్లే కొలబద్ద. ఆకుపచ్చ కాస్త పాలిపోయిందా, తొడిమ పక్కన భుజాలు ఎత్తుకున్నాయా అని కింద నుంచి చూసి చిక్కం వేసేస్తారు, ఎప్పుడూ గురి తప్పదు. అలాంటి చేయితిరిగిన ముఠా ఒక ఏడాది నా తోటలో కవరు చింపి చూడడం, పసుపు కనబడగానే కోసేయడం. పెట్టెలు నిండాయి, చూడముచ్చటగా ఉన్నాయి, హైదరాబాద్ వెళ్లిపోయాయి. మూడు నాలుగు రోజులకు ఫోన్లు మొదలయ్యాయి. తొక్క ముడతలు పడుతోంది, టెంక దగ్గర ఇంకా తెల్లగానే ఉంది, పులుపు. “చూడ్డానికి పండు, నోట్లో పెట్టుకుంటే పచ్చడి కాయ అండీ” అన్నారు ఏళ్లుగా కొంటున్న ఒకావిడ. ఇంకొకాయన, “కార్బైడ్ వేశారా?” అని అడిగారు. ఆ మాటకు చాలా బాధేసింది. కార్బైడ్ నిషేధం. మాగబెట్టడానికి ఇథిలీన్ వాయువును 100 పీపీఎం (పది లక్షల పాళ్లలో వంద పాళ్లు) దాకా వాడుకోవచ్చు. నేను అదీ వాడను, గడ్డిలోనే మాగబెడతాను. కానీ పైన పసుపు, లోపల పులుపు చూసినవాళ్లకు అనుమానం రావడంలో తప్పేముంది?

అప్పటినుంచి పద్ధతి మార్చాను. ఒకే వారంలో కట్టిన కవర్లకు ఒక రంగు దారం, తర్వాతి వారానికి ఇంకో రంగు. కోత రోజు పొద్దున్నే ఒక్కో రంగులో నాలుగైదు కాయలు తెంపి బకెట్ నీళ్లలో వేస్తాం. తయారైన కాయ బుడుంగున మునిగి అడుక్కి చేరుతుంది. లేతది పైనే తేలుతుంది. నడిమధ్యన ఊగిసలాడేది ఉంటే ఆ దారం జోలికి ఆ రోజు పోం. మునిగినవాటిలో ఒకటి కోసి టెంక గట్టిపడిందో లేదో చూశాకే నిచ్చెన వేస్తాం. ముఠా వాళ్లు మొదట్లో విసుక్కున్నారు, ఇప్పుడు వాళ్లే బకెట్ అడుగుతున్నారు.

మందు మానేశానన్నది ఈగ వరకే. కవరు కట్టేనాటికే తొడిమ దగ్గర పిండినల్లి, అంటే రసం పీల్చే తెల్లటి పురుగు, ఉంటే మనమే దానికి ఇల్లు కట్టిచ్చినట్టు. తర్వాత ఏం కొట్టినా లోపలికి పోదు, కవరు విప్పితే తెల్లటి పిండి, దాని మీద నల్లటి మసి. అందుకే కాయ కోడిగుడ్డంత అయ్యాక ఒకసారి పిచికారీ చేసి, బాగా ఆరాకే కడుతున్నాం. చీమలే పిండినల్లిని మోస్తాయి కాబట్టి మొదళ్ల దగ్గర వాటినీ చూసుకోవాలి. ఒక కవరు రెండు కాపులకు వస్తుందంటారు గానీ గాలివానలకు తడిసినవి మాకు రెండో ఏడాదికి సగమే పనికొచ్చాయి.

కవర్లు కొనమంటారా అంటే, నా సంగతి వేరు. కోత అయ్యాక ఏటా కొమ్మలు కత్తిరిస్తాను, చెట్లు నిచ్చెనకు అందుతాయి. ఇంట్లోవాళ్లం కలిసి కట్టుకుంటాం, పండు నేరుగా ఇళ్లకు అమ్ముతాను. కవరుకు పెట్టే రెండు రూపాయల పైచిలుకూ ధరలో తిరిగొస్తుంది. తోట కౌలుకిచ్చేవాళ్లకు, జ్యూస్ ఫ్యాక్టరీకి టన్నుల లెక్కన తోలేవాళ్లకు కూలి కూడా గిట్టదు. నాన్నగారి నాటి పెద్ద చెట్లకు నేనూ కట్టడం లేదు. వాటిలో రెండింటికి మొన్న పైకొమ్మలు కొట్టించాను. కొత్త కొమ్మలు కాపుకొచ్చేదాకా ఆ చెట్లకు ఎరలే.