జోన్ నంబరు రాయని కన్వర్టర్: మూడేళ్ల వాడకం తర్వాత

అక్షాంశ రేఖాంశాలను యూటీఎంలోకి (భూమిని ఆరేసి డిగ్రీల రేఖాంశ పట్టీలుగా, అంటే జోన్లుగా చీల్చి, స్థానాన్ని మీటర్లలో చెప్పే పద్ధతి) మార్చడానికి మూడేళ్లుగా ఒకే యాప్ వాడుతున్నాను. సిగ్నల్ లేనిచోటా పనిచేస్తుంది. డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో కొట్టినా, దశాంశాల్లో కొట్టినా తీసుకుంటుంది. అక్కడ వంక పెట్టను. కానీ అది ఇచ్చే ఫైల్లో జోన్ నంబరు ఉండదు. ఆ ఒక్క కాలమ్ లేదన్న కోపం నాకింకా తగ్గలేదు.

పోయినేడాది 12 కిలోమీటర్ల పైప్‌లైన్ సర్వే చేశాం. 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, తూర్పు పడమరలుగా సాగే లైను, 78 డిగ్రీల రేఖాంశాన్ని దాటుతుంది. అంటే సగం జోన్ 43, సగం జోన్ 44. 50 మీటర్లకొకటి చొప్పున 241 పాయింట్లు ఫోన్లోకే ఎక్కించి, సాయంత్రం ఒక్క దెబ్బలో మార్చి డ్రాయింగ్‌లో వేశాను. లైను మధ్యకు తెగి, రెండో ముక్క 639 కిలోమీటర్లు పడమరకు వెళ్లి పడింది! ఫైలు తెరిచి చూస్తే ఒక వరసలో ఈస్టింగ్ (తూర్పు దిశగా మీటర్ల కొలత) 8,19,000 పైచిలుకు, దాని కిందే 1,80,000 పైచిలుకు.

ప్రతి జోన్‌లోనూ మధ్యరేఖకు 5,00,000 మీటర్లు ఇచ్చి లెక్క మొదలుపెడతారు కాబట్టి అంచు దాటగానే అంకె అలా దూకుతుంది. యాప్ లెక్క తప్పు కాదు. ఏ పాయింటు ఏ జోన్‌దో తనకు తెలిసీ ఫైల్లో రాయలేదు. నేనిచ్చిన అక్షాంశ రేఖాంశాలనూ రాయలేదు. హిస్టరీలో చివరి వంద మాత్రమే మిగిలాయి.

8 లక్షలవి 43, లక్షా 80 వేలవి 44 అని విడదీసి, మళ్లీ డిగ్రీల్లోకి, అక్కణ్నుంచి అన్నిటినీ 43లోకి మార్చేసరికి అర్ధరాత్రి దాటింది. పని అంచున పడింది కాబట్టి అంకె చూసి జోన్ పట్టుకోగలిగాను. జోన్ మధ్యలో చేసిన పాత పనుల ఫైళ్లలో ఆ ఆధారం కూడా లేదు.

తర్వాత వెతికితే సెట్టింగుల్లో అట్టడుగున జోన్‌ను లాక్ చేసే మీట కనబడింది. అది నొక్కాక 241 పాయింట్లూ ఒకే గీత మీద కూర్చుంటే ప్రాణం లేచొచ్చింది.

ఇందులో దూరం కొలిచే సదుపాయం గురించి మొదటి ఏడాది కనబడినవాళ్లందరికీ చెప్పాను. ఆ మాట కొంచెం సవరించుకోవాలి. అది చూపేది గ్రిడ్ దూరం, అంటే యూటీఎం అంకెల మధ్య లెక్కగట్టిన దూరం. మధ్యరేఖ మీద అది నేల కొలత కన్నా కిలోమీటరుకు 40 సెంటీమీటర్లు తక్కువ, ఆ అక్షాంశంలో జోన్ అంచున 86 సెంటీమీటర్లు ఎక్కువ. మా లైను మీద పది మీటర్ల తేడా వచ్చింది. పైపులు ఆర్డరు పెట్టేవాళ్లకు అది చిన్న సంగతి కాదు. వంద మీటర్ల లోపు కొలతలకైతే ఇప్పటికీ దాన్నే వాడుతున్నాను.

మీ పని ఎప్పుడూ ఒకే జోన్ లోపలే ఉంటే ఈ బాధలో సగం మీకు తగలదు, హాయిగా వాడుకోవచ్చు. నా పని అంచుల మీదే ఎక్కువ. అయినా వేళ్లకు అలవాటైపోయి వదల్లేకపోతున్నాను. సర్వేకు దిగగానే ముందు జోన్ లాక్ చేస్తున్నాను, ఫైలు పేరు చివర 43 అనో 44 అనో నేనే కొడుతున్నాను.