పర్యావరణ అనుమతిపై అభ్యంతరం: మైకులో చెప్పాలా, కాగితం మీద పెట్టాలా, ట్రైబ్యునల్‌కు వెళ్లాలా?

గుంటూరు చుట్టుపక్కల ఏ ఊరి దగ్గరైనా క్వారీయో ఫ్యాక్టరీయో వస్తోందని, దానికి ‘ప్రజాభిప్రాయ సేకరణ’ ఉందని పేపర్లో ప్రకటన పడగానే అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "వెళ్లి మాట్లాడితే ఆగుతుందా?" ఆగడం సంగతి తర్వాత. ముందు మన మాట ఫైల్లోకి ఎక్కాలి, దానికి కంపెనీ జవాబు చెప్పుకోవాల్సిన పరిస్థితి రావాలి. అందుకు మూడు దారులున్నాయి. సభలో మైకు పట్టుకుని చెప్పొచ్చు, ముందే రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వొచ్చు, లేదంటే అనుమతి వచ్చేశాక పర్యావరణ కేసులు విచారించే హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లొచ్చు. నా ఓటు రెండోదానికే. ఎందుకో చెబుతాను.

2006 సెప్టెంబర్ 14న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారమే ఈ వ్యవహారమంతా నడుస్తుంది. పెద్ద ప్రాజెక్టులు ‘ఎ’ కేటగిరీ, వాటి ఫైలు ఢిల్లీ వెళ్తుంది. మిగతావి ‘బి’, వాటిని రాష్ట్ర స్థాయి సంస్థ చూస్తుంది. ‘బి’లోనూ ‘బి1’కి ప్రభావ అంచనా నివేదిక (ప్రాజెక్టు వల్ల పర్యావరణానికి ఏమవుతుందో కంపెనీ ఇచ్చే నివేదిక) కావాలి, ‘బి2’కి అక్కర్లేదు, ప్రజాభిప్రాయ సేకరణ కూడా ఉండదు. కాబట్టి ప్రాజెక్టు ఏ కేటగిరీలో ఉందో పర్యావరణ అనుమతుల దరఖాస్తులుండే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ‘పరివేష్’ పోర్టల్‌లో ముందే చూసుకోవాలి.

ముందు సభ సంగతి. దీన్ని జరిపేది కాలుష్య నియంత్రణ మండలి. కలెక్టర్ గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ హోదాకు తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహిస్తారు. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో నోటీసు ఇవ్వాలి. వచ్చిన ప్రతి ఒక్కరికీ అడిగే హక్కుంది. మొత్తం వీడియో తీస్తారు. చివర్లో మినిట్స్‌ను, అంటే సభలో ఎవరేం అన్నారో రాసుకున్నదాన్ని, అందరికీ తెలుగులో చదివి వినిపించి, అధికారి అదే రోజు సంతకం పెట్టాలి. చదవకుండా సభ ముగిస్తుంటే లేచి అడగండి, అది మన హక్కు.

అయితే చాలామందికి తెలియనిది ఒకటుంది. ఇది ఓటింగ్ కాదు. ఇంతమంది రావాలన్న నియమమూ లేదు. వెయ్యి మంది వద్దన్నంత మాత్రాన ప్రాజెక్టు రద్దయిపోదు, ఏ కారణంతో వద్దన్నారన్నదే లెక్కలోకి వస్తుంది. షామియానా కింద సగం టైమ్ ఉద్యోగాలు, నష్టపరిహారం, నాయకుల ప్రసంగాలకే పోతుంది. గొంతు చించుకుని చెప్పిన బాధ చివరికి "దుమ్ముపై గ్రామస్తులు ఆందోళన వ్యక్తం చేశారు" అనే ఒక్క వాక్యంగా మిగిలే ప్రమాదం ఉంది. అలాగని సభ వదిలేయకూడదు. కాగితం రాయలేని కౌలురైతుకూ కూలికి వెళ్లే ఆడవాళ్లకూ అధికారి ఎదుట నోరు విప్పే చోటు అదొక్కటే.

ఇక కాగితం. నోటీసు వచ్చిన దగ్గర్నుంచి ప్రభావ అంచనా నివేదిక ముసాయిదా కలెక్టరేట్, జిల్లా పరిషత్, జిల్లా పరిశ్రమల కేంద్రం, పంచాయతీ లేదా మున్సిపల్ ఆఫీసుల్లో చూడ్డానికి ఉండాలి. తెలుగులో దొరికేది సారాంశం మాత్రమే. అసలు నివేదిక ఇంగ్లీషులో లావుగా ఉంటుంది, దాంతోనే చాలామంది వెనక్కి తగ్గుతారు. అంతా చదవనక్కర్లేదు. ఊళ్లో చదువుకున్న పిల్లల్ని కూర్చోబెట్టుకుని 3, 4 అధ్యాయాలు చూడండి. మూడో అధ్యాయంలో మీ ఊరి గాలి, నీళ్లు ఇప్పుడెలా ఉన్నాయో, నాలుగో అధ్యాయంలో ప్రాజెక్టు వల్ల వాటికేమవుతుందో రాసి ఉంటుంది.

కొండ దగ్గర క్వారీ వస్తోందనుకోండి. "దుమ్ము వస్తుంది, మాకొద్దు" అని రాస్తే నీళ్లు చల్లుతామని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. దానికి బదులు ఇలా రాయండి: "మూడో అధ్యాయంలో గాలి నమూనాలు ఏ నెలల్లో తీశారు? మా మిరప కల్లాలు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆరుబయట ఉంటాయి. ఆ నెలల్లో కొలిచారా? కల్లాలున్న వైపు నమూనా కేంద్రం పెట్టారా? నీళ్లు చల్లుతామన్నారు, వేసవిలో ఆ నీళ్లు ఏ బోరు నుంచి?" వీటిని ఒక్క ముక్కలో దాటెయ్యడం కష్టం. నిబంధన ప్రకారం ముఖ్యమైన పర్యావరణ అభ్యంతరాలన్నిటినీ కంపెనీ పరిష్కరించి, ముసాయిదాలో తగిన మార్పులు చేయాలి. ఆ తుది నివేదికే నిపుణుల కమిటీ ముందుకు వెళ్తుంది.

ఇంకో సౌకర్యం కూడా ఉంది. సభ స్థానికంగా ప్రభావితమయ్యే వాళ్ల కోసం. రాతపూర్వక అభిప్రాయాన్ని ఆ ప్రాజెక్టుతో సంబంధమున్న ఇతరులూ ఇవ్వొచ్చు. ఊళ్లో పొలం ఉంచుకుని హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న అబ్బాయి సెలవు పెట్టి రానక్కర్లేదు.

మూడోది జాతీయ హరిత ట్రైబ్యునల్. మనకు దక్షిణ బెంచి చెన్నైలో ఉంది. అనుమతి ఉత్తర్వు తెలిసిన 30 రోజుల్లోపు అప్పీలు వేయాలి. తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు ఇస్తారు. అది దాటితే అప్పీలుకు తలుపులు మూసినట్టే. లాయరు లేకుండా సొంతంగా వాదించుకోవచ్చని చట్టంలో ఉన్నా, ఇంగ్లీషు కాగితాలు, వాయిదాలు సామాన్యుడికి టెన్షనే. అమరావతి సంగతే చూడండి. రాజధానికి 2015 అక్టోబర్‌లో పర్యావరణ అనుమతి వచ్చింది. కొండవీటి వాగు ముంపు వంటి అంశాలతో వేసిన కేసులో తీర్పు 2017 నవంబర్‌లో గానీ రాలేదు. ట్రైబ్యునల్ అనుమతిని కొట్టేయలేదు, షరతులు కలిపి పర్యవేక్షణకు కమిటీలు వేసింది. ఆ షరతులకు విలువ లేదని కాదు. కానీ పని ఆపించడమే లక్ష్యంగా వెళ్లేవాళ్లు ఈ ఉదాహరణ గుర్తుంచుకోవాలి.

విజయవాడలో మీ వీధి పక్కన 20,000 చదరపు మీటర్లు దాటిన అపార్ట్‌మెంట్ వస్తుంటే లెక్క వేరు. దానికి అనుమతి కావాలి గానీ ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. అక్కడ పోర్టల్ మీద కన్నేసి ఉంచి, ఫైలు రాష్ట్ర కమిటీలో ఉండగానే ఉత్తరం రాయడం, తప్పకపోతే అప్పీలు వేయడం తప్ప వేరే దారి లేదు.

మిగతా ప్రాజెక్టుల్లో నేను చెప్పే వరుస ఇది. నోటీసు పడ్డ మొదటి వారంలోనే నివేదిక చూడాలి. అభ్యంతరం రెండు కాపీలు తీసుకెళ్లి కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. సభలో ఆ కాగితంలోని రెండు ప్రశ్నలే చదివి, "మిగతావి రాసిచ్చాం, మినిట్స్‌లో చేర్చండి" అనాలి. రేపు చెన్నై వెళ్లాల్సి వచ్చినా, ముందే అడిగామని చూపించడానికి ముద్ర వేసిన ఆ కాపీ చేతిలో ఉంటుంది.