టీలో చక్కెర: బెల్లానికి మారడమా, మెల్లగా తగ్గించడమా?
మా ఇంట్లో రెండూ చూశాం. అమ్మ బెల్లం టీకి మారింది, రుచి బావుంటుంది, కాస్త ఐరన్ కూడా ఉంటుంది నిజమే, కానీ బెల్లంలోనూ ఎక్కువ భాగం చక్కెరే కదా, పైగా మంచిదే అనుకుని ఇంకో ముక్క ఎక్కువ వేసేస్తాం. షుగర్ ఉన్నవాళ్లకి బెల్లం సేఫ్ అనుకోవడం అస్సలు కరెక్ట్ కాదు.

నేనేమో 2 స్పూన్ల నుంచి ఒకటిన్నరకి, రెండు వారాలాగి ఒకటికి, తర్వాత అరకి వచ్చా. మొదట్లో చప్పగా ఉండేది, అల్లం దంచి రెండు యాలకులు వేస్తే అలవాటైపోయింది. స్పూనుకి 4 గ్రాముల లెక్కన 2 స్పూన్లతో రోజుకి 3 టీలంటే 24 గ్రాములు, డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) రోజుకి ఇంతకి మించకపోతే ఇంకా మేలని చెప్పే 25 గ్రాములు దాదాపు టీలకే అయిపోతాయి! నా ఓటు తగ్గించడానికే. ఇప్పుడు పెళ్లిళ్లలో ఇచ్చే టీ రెండు గుక్కలకే వెగటు పుడుతోంది.