ఏథెన్స్‌లో సోడా అడిగితే సోడానే ఇచ్చారు

పోయిన జూన్‌లో ఏథెన్స్ వెళ్ళినప్పుడు కుకాకి పేటలో ఒక చిన్న తవెర్నాలో మూడు రోజులు వరసగా తిన్నాం. తవెర్నా అంటే అక్కడ ఇంటి వంట లాంటిది పెట్టే హోటల్. తిండి బాగుంది, అది తర్వాత చెప్తాను. ముందు సోడా సంగతి చెప్పాలి, అమెరికా నుంచి పిల్లలతో వెళ్ళే మనవాళ్ళకి కచ్చితంగా పనికొస్తుంది.

మేముండేది న్యూజెర్సీ. మా అబ్బాయికి పదేళ్ళు, పుట్టిందీ పెరిగిందీ అక్కడే, వాడికి కోక్, స్ప్రైట్, ఆరెంజ్, తియ్యగా ఉండి గ్యాస్ ఉన్నది ఏదైనా సోడానే. అక్రోపోలిస్ కొండ దిగేసరికి మధ్యాహ్నం రెండయింది, ఆ ఎండకి నాకు రెంటచింతల గుర్తొచ్చింది. కూర్చోగానే వాడు నేరుగా 'సోడా' అన్నాడు. వడ్డించే పెద్దాయన తలూపి వెళ్ళి, చెమట పట్టిన చిన్న గాజుసీసా, గ్లాసులో ఐసు, ఓ నిమ్మచెక్క తెచ్చిపెట్టారు. వాడు ఒక్క గుక్క తాగి ముఖం చిట్లించి "నాన్నా, ఇది పాడైపోయింది" అన్నాడు. నేను తాగి చూశాను. పాడవలేదు, ఉత్త సోడా! గొంతులో సర్రుమనే గ్యాస్, చక్కెర అన్నది లేదు, చివర్లో నాలుక మీద రవ్వంత ఉప్పదనం. నిమ్మచెక్క పిండి, బల్ల మీదున్న ఉప్పు చిటికెడు వేశాను, బుస్సుమని పొంగి గ్లాసు అంచు దాటి నా చెయ్యంతా తడిపేసింది. చిన్నప్పుడు తెనాలిలో బండి మీద తాగిన ఉప్పు సోడా అచ్చం అదే, గోలీ ఒక్కటే తక్కువ.

అది చూసి పెద్దాయన నవ్వి, కడుపు బరువుగా ఉంటే తామూ సోడాలో నిమ్మరసం పిండుకునే తాగుతామని చెప్పారు. వచ్చినంత ఇంగ్లీషులో ఓపిగ్గా మిగతాదీ వివరించారు. గ్రీకులో 'సోద' అంటే గ్యాస్ కొట్టిన ఉత్త నీళ్ళు. తియ్యటి కూల్‌డ్రింకుల్ని 'అనప్సిక్తికో' అంటారు, సేద తీర్చేది అన్న అర్థంలో. ఆరెంజ్ కావాలంటే 'పోర్తొకలాద', నిమ్మ అయితే 'లెమొనాద', తెల్లగా తియ్యగా ఉండేది కావాలంటే 'గజోజా'. ఆరెంజ్ అడిగితే గ్యాస్ ఉన్నదా లేనిదా అని మళ్ళీ అడుగుతారు, గ్యాస్ ఉన్నదానికి 'మే అంథ్రకికో' అనాలి. అంథ్రకాస్ అంటే బొగ్గు, కార్బన్ అన్నమాట. వోలోస్ నగరం పక్కన ఆగ్రియా అనే ఊళ్ళో 1924 నుంచి ఉన్న ఎప్సా కంపెనీ లెమొనాద మా వాడికి ఇప్పించాను, తీపి ఎక్కువ కాకుండా పులుపు తెలుస్తుంది, నాకు చాలా నచ్చింది, దొరికితే తాగండి.

ఇంకో విషయం మా ఆవిడ కనిపెట్టింది. సూపర్‌మార్కెట్‌లో ఒక పొట్లం మీద 'మయిరికి సోద' అని ఉంది, మయిరికి అంటే వంటకి సంబంధించినది. వంట సోడా! మాటకి మాట మనదే. మన దగ్గరా, వాళ్ళ దగ్గరా హోటల్లో సోడా అంటే తాగే నీళ్ళు, వంటింట్లో అయితే బజ్జీల పిండిలో వేసే పొడి, తియ్యటి డ్రింకు మాత్రం కాదు. తాగే సోడా సీసా మీద సోడియాన్ని 'నాత్రియో' అని రాశారు. 1807లో హంఫ్రీ డేవీ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త కాస్టిక్ సోడా నుంచి ఆ లోహాన్ని విడదీసి, సోడా మాట మీదే దానికి సోడియం అని పేరు పెట్టాడు, గ్రీకులో మాత్రం ఆ పేరు లేదు. బీపీ ఉన్నవాళ్ళు ఆ లేబుల్ ఒకసారి చూసుకుని తాగండి, సోడాల్లో సోడియం లవణాలు కలపడం మామూలే.

మరి అమెరికాలో తీపి ఎలా కలిసిందంటే, మందుల షాపుల్లోనే సోడా ఫౌంటెన్లు ఉండేవి, గ్యాస్ నీళ్ళలో రకరకాల సిరప్‌లు కలిపి అమ్మేవాళ్ళు. 1886లో అట్లాంటాలో కోకాకోలా మొదలైందీ అలాగే. చివరికి సిరప్ నీళ్ళకే సోడా పేరు మిగిలిపోయింది. అక్కడ కూడా అందరూ అలా అనరు, షికాగో వైపు పాప్ అంటారు, దక్షిణాన చాలామంది ఏదైనా కోకే అంటారు. ఇంగ్లండ్‌లో సోడా అంటే మన సోడానే.

ఇక తిండి. ఫావా అని పసుపుపచ్చ పప్పు మెత్తగా ఉడికించి, ఆలివ్ నూనె, ఉల్లిపాయలు వేసి ఇస్తారు, ముద్దపప్పు తిన్నట్టే ఉంది. కాల్చిన వంకాయతో చేసే మెలిజానోసలాత మన కాల్చిన వంకాయ పచ్చడికి చెల్లెలు, కారం ఒక్కటే లేదు. టమాటాల్లో బియ్యం కూరి వండే గెమిస్తా శాకాహారులకి హాయి. బల్లలన్నీ నారింజ చెట్ల కింద, ఆ పుల్లటి కాయని వాళ్ళు 'నెరాంజి' అంటారు, మన నారింజా అదీ ఒక్క మాటే.

బాగోలేనివీ ఉన్నాయి. పక్క బల్లల నుంచి సిగరెట్ పొగ, మా ఆవిడకి తలనొప్పి వచ్చింది. అడక్కుండా పెట్టిన రొట్టెకి బిల్లు వేశారు. మెనూలో సాఫ్ట్ డ్రింకులు ఒకచోట, సోడా ఇంకోచోట ఉన్నాయి, అదేమిటో ఒక్క ముక్క రాసి ఉంటే మా వాడు ఆ మొదటి గుక్కకి ఏడుపు మొహం పెట్టేవాడు కాదు. బిల్లు అడిగాక ఇరవై నిమిషాలు కూర్చోబెట్టారు. అయినా 5కి 4 ఇస్తాను.

మూడో రోజు మా అబ్బాయే లేచి 'పోర్తొకలాద, మే అంథ్రకికో' అని చెప్పాడు. నన్ను పెద్దాయన ఏమీ అడగలేదు. సోడా సీసా, రెండు నిమ్మచెక్కలు, ఉప్పు డబ్బా తెచ్చి నా ముందు పెట్టి వెళ్ళిపోయారు.