నలుపు తెలుపులో బొట్టు నిలవాలంటే ఏది మేలు?

బెంగళూరు కె.ఆర్. మార్కెట్‌లో తెల్లవారుజామున పసుపు బంతిపూలు అమ్మే అవ్వ ఒకరున్నారు. మదనపల్లె వైపు మనిషి. ఫొటో తీసుకోనా అని అడిగితే, "తీసుకో నాయనా, బొట్టు సరిగ్గా ఉందా చూడు" అంది. చామనఛాయ నుదురు, రూపాయి కాసంత కుంకుమ బొట్టు. ఇంటికొచ్చి నలుపు తెలుపులోకి మార్చగానే ఆ బొట్టే మాయమైంది.

నేను చేసింది చాలామంది చేసేదే, ఫొటోషాప్‌లో డీశాచురేట్ నొక్కడం. అది ప్రతి పిక్సెల్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువల్లో పెద్దదాన్నీ చిన్నదాన్నీ కలిపి సగం చేస్తుంది. నలుపు 0, తెలుపు 255 అనుకుంటే, అచ్చమైన ఎరుపైనా, ఆకుపచ్చైనా, నీలమైనా 128 దగ్గర ఒకే బూడిద రంగుగా తేలుతుంది. ముదురు కుంకుమ, చామనఛాయ నుదురు కూడా అలాగే కలిసిపోయాయి. ఈ పద్ధతి నేను ఎవరికీ చెప్పను.

రంగులను వాటి వెలుగును బట్టి బూడిద ఛాయలుగా మార్చే గ్రేస్కేల్ దీనికంటే నయం. టీవీ సిగ్నళ్ల కోసం పెట్టుకున్న పాత లెక్కలో ఎరుపుకు 0.299, ఆకుపచ్చకు 0.587, నీలానికి 0.114 వంతు ఇస్తారు. మన కంటికి ఆకుపచ్చే ఎక్కువ వెలుగుగా కనిపిస్తుంది మరి. ఈ లెక్కలో అచ్చమైన ఎరుపు 76కు దిగుతుంది, ఆకుపచ్చ 150 దగ్గర ఉంటుంది. అవ్వ బొట్టు తిరిగొచ్చింది, కానీ చెమటకు సగం చెరిగినట్టుగా.

మొహాలకు రెడ్ ఛానెల్, అంటే ఫొటోలోని ఎరుపు విలువలను మాత్రమే నలుపు తెలుపుగా చూపే పొర, మంచిదని తరచూ చెబుతారు. మచ్చలు, గీతలు తగ్గి చర్మం నునుపుగా వస్తుంది, నిజమే. కానీ కుంకుమలో ఉన్నదంతా ఎరుపే కదా! ఆ ఛానెల్‌లో బొట్టు నుదుటికంటే తెల్లగా, విభూతి పెట్టినట్టు కనిపించింది. మన మొహాలకు ఆ సలహా పనికిరాదు. గ్రీన్ ఛానెల్‌లో మాత్రం బొట్టు నల్లగా, అంచుతో సహా నిలబడింది. బ్లూ ఛానెల్‌లో అంతా గరుకు, నాయిస్.

చివరికి నేను స్థిరపడింది లైట్‌రూమ్ బ్లాక్ అండ్ వైట్ మిక్స్ దగ్గర. అందులో ఎనిమిది రంగులకు ఎనిమిది స్లైడర్లు. ఎరుపు తగ్గిస్తే బొట్టు ముదురుతుంది, దాంతోపాటు ఆకువక్కతో పండిన పెదాలూ నల్లబడతాయి, కాబట్టి కొద్దికొద్దిగానే. నారింజ స్లైడర్ పెంచితే చర్మం తెల్లబడుతుంది. దాని జోలికి వెళ్లొద్దని నా గట్టి మాట. అవ్వ రంగు అవ్వది, మార్చే హక్కు మనకు లేదు. ఫోన్‌లో చేసేవాళ్లకు స్నాప్‌సీడ్ ఉంది. బ్లాక్ అండ్ వైట్‌లో ఆకుపచ్చ ఫిల్టర్ ఎంచుకుంటే దాదాపు ఇదే ఫలితం.

మరి కెమెరాలోనే మోనోక్రోమ్ పెట్టి తీస్తే? వెలుగునీడలు చూసుకోవడానికి బాగుంటుంది. కానీ ఒట్టి జేపెగ్ తీస్తే రంగు అక్కడే పోతుంది, తర్వాత ఏ స్లైడరూ బొట్టును వెనక్కి తేలేదు. రా (RAW), అంటే సెన్సర్ పట్టిన సమాచారాన్ని ఉన్నదున్నట్టు దాచే ఫైల్, అది కూడా ఆన్ చేసుకోండి. తెర మీద నలుపు తెలుపు కనిపిస్తున్నా ఆ ఫైల్‌లో రంగులన్నీ ఉంటాయి.

ప్రింట్ తీసుకెళ్లి ఇస్తే అవ్వ వెలుగులోకి పట్టుకుని చూసింది. "బొట్టు బాగుంది. పూలే తెల్ల చామంతుల్లా ఉండాయి" అంది. పసుపు స్లైడర్ ఎక్కువ ఎత్తేశాను. కాస్త దించి, మళ్లీ ప్రింట్ వేయించాను.