తాకితే తప్ప కనిపించని పోర్టు: ఎనిమిదేళ్లు వాడిన పామ్ టంగ్‌స్టెన్ ఈ, లినక్స్ డెస్క్‌టాప్

కేబుల్ తగిలించి ఉన్నా సరే, తెర మీది హాట్‌సింక్ గుర్తును (కంప్యూటరుతో సమాచారం సరిపోల్చుకోవడాన్ని, అంటే సింక్‌ను, మొదలుపెట్టేది) పుల్లతో తాకేదాకా ఆర్గనైజర్ అక్కడ ఉన్న సంగతే కంప్యూటరుకు తెలియదు. పామ్ టంగ్‌స్టెన్ ఈ అనే జేబు ఆర్గనైజర్ మీద నాకున్న ఫిర్యాదు ఇదొక్కటే. 2004లో అమెరికా నుంచి వచ్చినప్పుడు మా తమ్ముడు తెచ్చి ఇచ్చిన ఆ పరికరం 2012 దాకా నా జేబులో తిరిగింది. దాని తెర, ప్రాసెసర్, జ్ఞాపకశక్తి గురించి చెప్పవలసిందంతా ఎప్పుడో చెప్పేశారు కాబట్టి వాటి జోలికి వెళ్లను. తెలుగు లిపి అందులో లేదని మాత్రం చెప్పాలి. చిరునామాలు, అమ్మ మందుల జాబితా, కాలేజీ పనులు అన్నీ తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసే ఆర్‌టీఎస్ పద్ధతిలోనే రాసుకున్నాను. కొన్నాళ్లకు అది ఎంత అలవాటైందంటే, కాగితం మీద కూడా దీర్ఘాలకు పెద్ద అక్షరాలు రాసేవాణ్ణి.

ఇంట్లో ఉన్నది లినక్స్ డెస్క్‌టాప్ ఒక్కటే. పెన్‌డ్రైవ్ పెడితే వెంటనే కనిపిస్తుంది, తీసేదాకా ఉంటుంది. ఆర్గనైజర్ సంగతి అలా కాదు. గుర్తును తాకిన క్షణాన అది యూఎస్‌బీ మీదకు వస్తుంది. లినక్స్ మూలభాగమైన కెర్నెల్‌లో, ఇలాంటి పరికరాలతో మాట్లాడే వైజర్ అనే డ్రైవర్ దాన్ని పట్టుకుని టీటీవైయూఎస్‌బీ0, టీటీవైయూఎస్‌బీ1 అనే రెండు పోర్టులను తయారుచేస్తుంది. తగిలించిన పరికరాలకు పేర్లు, అనుమతులు ఇచ్చే యూడెవ్‌కు నేను రాసిన నియమం ప్రకారం రెండో పోర్టుకు పైలట్ అనే మారుపేరు వస్తుంది. ఆ తరువాతే పామ్‌తో మాట్లాడే పైలట్-లింక్ గాని, దాని మీద ఆధారపడి తేదీలు, చిరునామాలు చూపే జే-పైలట్ అనే ప్రోగ్రాము గాని తలుపు తట్టగలుగుతాయి. సింక్ పూర్తయినా, ఎవరూ పలకనందున ఆర్గనైజర్ విసిగి మానుకున్నా ఆ రెండు పోర్టులూ మాయమైపోతాయి. లోపం ఎక్కడుందో వెతకడానికి కూర్చున్న మనిషికి వెతకవలసిన వస్తువే అర నిమిషంలో కనుమరుగైతే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. పైగా ఆ డ్రైవర్‌ను మొదట 1999 నాటి హ్యాండ్‌స్ప్రింగ్ వైజర్ అనే మరో ఆర్గనైజర్ కోసం రాశారు కాబట్టి, నా టంగ్‌స్టెన్ తగిలినప్పుడు కూడా కెర్నెల్ చిట్టాలో హ్యాండ్‌స్ప్రింగ్ పేరే పడేది. మొదటి నెలలో అది చూసి, కంప్యూటరు నా పరికరాన్ని మరొకటిగా పొరబడుతోందనుకుని ఒక సాయంత్రమంతా పాడుచేసుకున్నాను.

అయినా అలవాటైపోయింది. గుర్తును తాకడం, మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం, ఆపైన జే-పైలట్‌లో సింక్ నొక్కడం. లెక్క తక్కువైతే పోర్టు ఇంకా పుట్టి ఉండదు, మరీ ఎక్కువైతే ఆర్గనైజర్ మానుకుని ఉంటుంది. క్యారమ్స్‌లో స్ట్రైకర్ సరిచూసుకున్నట్టు నేను ఊపిరి బిగబట్టడం చూసి మా అమ్మాయి నవ్వేది. అంతకుముందు సింక్ చేసిన ప్రోగ్రాము పాత పోర్టును ఇంకా వదలకపోతే కొత్తవి 2, 3 అంకెలతో పుట్టేవి. అందుకని మారుపేరు బేసి అంకె ఉన్న ఏ పోర్టుకైనా వచ్చేలా నియమాన్ని సవరించుకున్నాను. ఈ స్థితిలో ఆరేళ్లు గడిచాయి. లినక్స్‌లో పామ్ ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తుందని స్టాఫ్ రూములో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఆ మాట ఇప్పుడైతే అంత ధీమాగా చెప్పను.

2010 మార్చిలో, పరీక్షల హడావుడికి ముందు, లినక్స్ డిస్ట్రిబ్యూషన్‌ను కొత్త కూర్పుకు అప్‌గ్రేడ్ చేశాను. సింక్ పనిచేస్తోందో లేదో చూడలేదు, ఆరేళ్లుగా పనిచేసిన దాన్ని చూసేదేముందని. ఏప్రిల్‌లో స్పాట్ వాల్యుయేషన్‌కు పదకొండు రోజులు వేరే ఊరు వెళ్లవలసి వచ్చింది. ఆర్గనైజర్‌ను తీసుకెళ్లి, ఛార్జర్‌ను బల్ల మీద మరిచిపోయాను. ఈ మోడల్‌కు యూఎస్‌బీ కేబుల్ ద్వారా ఛార్జ్ ఎక్కదు, ఛార్జర్ పిన్ను వేరే. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఇందులో మనం రాసుకున్నదంతా బ్యాటరీలో కరెంటు ఉన్నంతసేపే నిలిచే జ్ఞాపకంలో ఉంటుంది. తరువాత వచ్చిన టంగ్‌స్టెన్ ఈ2లో దీన్ని మార్చారు గాని నాది పాతది. ఎనిమిదో రోజు రాత్రి హెచ్చరిక కనిపించింది, తొమ్మిదో రోజు ఉదయానికి తెర నల్లబడింది. ఇంటికి వచ్చి ఛార్జర్ పెడితే, కొత్తగా కొన్నవాణ్ణి పలకరించినట్టు, గురిచుక్కలను పుల్లతో తాకి తెరను సరిచేసుకోమని అడిగింది. లోపల ఒక్క పేరు కూడా లేదు.

పోయినదంతా కంప్యూటరులో ఉందన్న ధైర్యంతో కేబుల్ తగిలించి, గుర్తును తాకి, మూడు లెక్కపెట్టి, సింక్ నొక్కాను. అలాంటి పోర్టు లేదన్నది జే-పైలట్. ఐదు లెక్కపెట్టి చూశాను, పది లెక్కపెట్టి చూశాను. కేబుల్ మార్చాను, కంప్యూటరు డబ్బా వెనకవైపు పోర్టుకు మారాను. తగిలించిన యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ ఆదేశం కొడితే, తాకిన కాసేపు పామ్ సంస్థ గుర్తింపు సంఖ్య 0830 కనిపించి మాయమయ్యేది. అంటే తీగ బాగుంది, పరికరం పలుకుతోంది, పోర్టే పుట్టడం లేదు. నా యూడెవ్ నియమాన్నే అనుమానించాను. పాత పద్ధతి పదాలతో రాసినదాన్ని కొత్త పద్ధతిలోకి మార్చి రాశాను. ఫలితం లేదు. ఇలా రెండు రాత్రులు గడిచాయి, మధ్యలో కరెంటు కోతలు కూడా తోడయ్యాయి.

మూడో రాత్రి, ఎందుకో డ్రైవర్ మాడ్యూళ్లను నిషేధించే ఫైళ్లున్న ఫోల్డర్‌ను తెరిచి చూస్తే, పైలట్-లింక్ లైబ్రరీ పేరుతోనే ఒక చిన్న ఫైలుంది. అందులో ఉన్నది ఒకటే వరుస: వైజర్ డ్రైవర్‌ను ఎక్కించవద్దు. నేను రెండు రాత్రులుగా ఎవరి కోసం తలుపు దగ్గర కాచుకున్నానో వాళ్లను వీధి మొదట్లోనే ఆపేశారన్నమాట. కారణం తెలిశాక కోపం తగ్గింది. పైలట్-లింక్ 0.12 కూర్పు నుంచి కెర్నెల్ డ్రైవర్‌తో పని లేకుండా, లిబ్‌యూఎస్‌బీ అనే లైబ్రరీ ద్వారా నేరుగా పరికరంతో మాట్లాడగలదు. డ్రైవర్ మధ్యలో వచ్చి పరికరాన్ని పట్టేసుకుంటే ఆ దారి కుదరదు, అందుకే ఆ నిషేధం. జే-పైలట్ అమరికల్లో పోర్టు పేరు దగ్గర పాత దారి చెరిపేసి, యూఎస్‌బీ అనే మూడు అక్షరాలూ, పక్కన కోలనూ పెట్టడమే నేను చేయవలసిన పని.

పెట్టాను, ఈసారి అనుమతి లేదంది. సుడోతో, అంటే పూర్తి అధికారాలతో, పైలట్-లింక్‌లోని పైలట్-ఎక్స్‌ఫర్‌ను నడిపితే ఖాళీ ఆర్గనైజర్‌లోని ఫైళ్ల జాబితా వచ్చింది గనుక మిగిలింది అనుమతుల చిక్కే అని తేలింది. 0830 సంఖ్య గల యూఎస్‌బీ పరికరం డయలౌట్ అనే వాడుకరుల గుంపుకు అందేలా నియమం రాసి, నన్ను ఆ గుంపులో చేర్చుకుని, లాగవుట్ అయి మళ్లీ వచ్చాను. ఆ లాగవుట్ మరిచిపోవడం వల్ల ఇంకో గంట వృథా అయిందని ఒప్పుకోవాలి. చివరికి జే-పైలట్ కదిలింది. ఆర్గనైజర్‌లో వాడుకరి పేరే లేదు కనుక సింక్ చేయనని మొరాయించింది. పేరు ఎక్కించి, మెనూలోంచి పునరుద్ధరణ మొదలుపెట్టాను. తెర మీద ఫైళ్ల పేర్లు ఒక్కొక్కటే దొర్లుతుంటే, రాత్రి రెండింటికి, అమ్మ మందుల జాబితా ఉన్న ఫైలు పేరు కూడా వెళ్లడం చూశాను.

అసలు ఆశ్చర్యం ఆ తరువాత ఎదురైంది. ఈ కొత్త దారిలో లెక్కపెట్టే పని లేదు. ముందు కంప్యూటరులో సింక్ నొక్కి, తీరిగ్గా ఆర్గనైజర్ అందుకుని గుర్తును తాకవచ్చు. అటువైపు ప్రోగ్రాము ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఆరేళ్లు ఊపిరి బిగబట్టిన పని అది. ఆ తరువాత రెండేళ్లలో ఒక్క సింక్ కూడా తప్పిన గుర్తు లేదు, తప్పితే కేబుల్ వదులైనప్పుడే తప్పి ఉంటుంది.

అలాగని అన్నీ తిరిగి రాలేదు. జే-పైలట్‌లో సింక్ వేరు, బ్యాకప్ వేరు. సింక్ నొక్కితే తేదీలు, చిరునామాలు, పనులు, గమనికలు మాత్రమే వస్తాయి. మిగిలిన ప్రోగ్రాముల సమాచారం కావాలంటే పక్కనున్న బ్యాకప్ బొత్తాం నొక్కాలి. నేను దాన్ని చివరిసారి నొక్కింది సంక్రాంతి సెలవుల్లో. విద్యార్థుల మార్కులు వేరే చిన్న డేటాబేస్ ప్రోగ్రాములో ఉండేవి గనుక జనవరి తరువాతి ప్రీ-ఫైనల్ మార్కులన్నీ పోయాయి. జవాబు పత్రాలు అప్పటికే పిల్లలకు తిరిగిచ్చేశాను. వాటిని మళ్లీ ఒక్కొక్కటిగా అడిగి తెప్పించుకుని రాసుకోవలసి వచ్చింది.

కాబట్టి ఎవరైనా అటకమీది పామ్‌ను దించి లినక్స్‌తో కలపవచ్చా అని అడిగితే, నా జవాబు అవును అనే ఉంటుంది గాని, నాది ఒకే ఆర్గనైజర్, ఒకే కంప్యూటరు, ఆరువందల చిరునామాలు, తెలుగు లిపి లేకపోయినా సర్దుకుపోయే స్వభావం అని గుర్తుంచుకోవాలి. ఆఫీసు మెయిల్‌తో క్యాలెండర్ కలవాలనుకునేవారికి ఇది ఎందుకూ పనికిరాదు. నేను కూడా 2012లో ఫోన్‌కు మారినది అందుకే, విసిగి కాదు. టంగ్‌స్టెన్ ఇప్పటికీ సొరుగులో ఉంది. నిరుడు ఛార్జ్ పెట్టి చూస్తే ఇరవై నిమిషాలు నిలిచింది. సింక్ నొక్కి, బ్యాకప్ కూడా నొక్కడానికి అది సరిపోయింది.