ఫెర్రెట్‌కు ఒంట్లో బాగా లేకపోతే కడప నుంచి ఎటు పోవడం మేలు?

"ఏమప్పా, ముంగిసను పెంచుతాండావా?"

మా బుడ్డోణ్ణి బుట్టలో పెట్టుకుని వీధిలోకి వస్తే పక్కింటి పెద్దమ్మ అడిగే మాట ఇదే. కాదు పెద్దమ్మా, ఇది ఫెర్రెట్. ముంగిసను ఇంట్లో పెడితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. ఇది యూరప్‌లోని పోల్‌క్యాట్ అనే అడవి జంతువు నుంచి వచ్చి, వందల ఏళ్లుగా మనుషుల దగ్గరే పెరుగుతున్న జాతి. పెద్దమ్మ పొరబడితే నవ్వుకుంటాం. పశువుల డాక్టరు కూడా అదే మాట అడిగినప్పుడు మాత్రం కడుపులో దిగులు మొదలవుతుంది.

మా ఊళ్లో ఉన్నవాళ్లకు నాలుగు దారులున్నాయి. ఒక రోజు ఇంట్లోనే కనిపెట్టి చూడటం, ఊళ్లో పశువుల ఆసుపత్రికి పోవడం, ప్రొద్దుటూరు లేదా తిరుపతి వెటర్నరీ కాలేజీకి తీసుకుపోవడం, ఇలాంటి జంతువులనే చూసే డాక్టరు కోసం బెంగళూరుకు బయల్దేరడం. బెంగళూరే మేలని నేను చాలాకాలం గుడ్డిగా నమ్మాను. పోయిన మే నెలలో ఒక తెల్లవారుజామున ఆ నమ్మకం పోయింది.

ఆరు గంటలవుతోంది. బుడ్డోడికి నాలుగేళ్లు నిండాయి. గూట్లోంచి దిగి రెండడుగులు వేశాడు, వెనక కాళ్లు ఈడ్చుకుపోయాయి. గోడ వైపు చూస్తూ అలాగే ఉండిపోయాడు. నోట్లోంచి చొంగ కారుతోంది, ముందు కాళ్లతో మూతిని గీరుకుంటున్నాడు. మా అమ్మ "వడదెబ్బ రా" అంది. నాన్న "గొంతులో ఎముక ఇరుక్కుంది" అన్నాడు. ఇద్దరిదీ తప్పనలేం, రెండూ జరిగేవే. కానీ మూడేళ్లు దాటిన ఫెర్రెట్ ఇలా చేస్తే ముందు అనుమానించాల్సింది రక్తంలో షుగర్ పడిపోవడాన్ని. క్లోమంలో చిన్న గడ్డలు పుట్టి ఇన్సులిన్‌ను అదుపు లేకుండా వదులుతాయి. దీన్ని ఇన్సులినోమా అంటారు, ఫెర్రెట్లలో బాగా ఎక్కువ.

ఇయర్ బడ్‌తో కాస్త తేనె తీసి చిగుళ్లకు రాశాను. నోట్లో పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్స్‌లో ఉంటే వేలు పెట్టకూడదు, తెలియకుండానే కొరికేస్తుంది. పది నిమిషాలకు తల తిప్పి నా వైపు చూశాడు. ఇంకో ఐదు నిమిషాలకు లేచి నిలబడ్డాడు. వెంటనే మెత్తగా చేసిన కోడి మాంసం పెట్టాను. తేనెతోనే సరిపెడితే ఆ తీపికి ఇన్సులిన్ మళ్లీ ఎగదన్ని, షుగర్ ఇంకా కిందికి పోతుంది. తేనె నిలబెట్టడానికే, నిలిపి ఉంచేది మాంసం.

కారు తాళాలు చేతిలోకి తీసుకుని బెంగళూరు డాక్టరుకు ఫోన్ చేశాను. "ఇప్పుడు రావద్దు. ముందు మీ ఊళ్లో షుగర్ చూపించండి" అన్నారాయన. రాయచోటి, మదనపల్లె మీదుగా ఐదారు గంటల ప్రయాణం, పైగా మే నెల. దారిలో మళ్లీ పడిపోతే చేసేదేముంది?

మా ఊరి డాక్టరు గేదెలు, గొర్రెలు, కుక్కలు చూసిన మనిషి. బుట్ట మూత తీసి కాసేపు చూసి, "ఫెర్రెట్‌ను చూడటం నాకు ఇదే మొదలు. అయినా షుగర్ షుగరే కదా" అన్నారు. రక్తం తీసి చూస్తే 48. మామూలుగా 90కి పైన ఉండాలి, 70 కంటే దిగితే అనుమానించాలి. ఇంట్లో నాన్న షుగర్ మిషన్ ఉంది గానీ, మనుషుల మిషన్ ఫెర్రెట్ రక్తంలో ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. అందుకే ల్యాబ్‌కు కూడా పంపించారు. ఆ తర్వాత ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకున్నారు. షుగర్ పడిపోకుండా చూసే స్టెరాయిడ్ మందు డోసు ఆయన చెప్పారు, ఈయన రాశారు. ఆ పావుగంట మాటలు నాకు 500 కిలోమీటర్ల రానుపోను ప్రయాణం కంటే ఎక్కువ పని చేసిపెట్టాయి.

అందుకే ఇప్పుడు నా లెక్క మారింది. ఏ డాక్టరుకు ఎంత తెలుసు అని కాదు, జబ్బు మనకు ఎన్ని గంటలిస్తుంది అని ముందు చూస్తాను. ఫెర్రెట్ తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికి వచ్చేస్తుంది. కుక్క ఒక పూట తినకపోతే రేపు చూద్దాంలే అనుకోవచ్చు, ఇది సగం రోజు తినలేదంటే ఆలస్యమైనట్టే.

ఇంట్లో కనిపెట్టి చూడదగ్గవీ ఉన్నాయి. తుమ్ముతున్నా తిండి మానలేదంటే ఒకటి రెండు రోజులు చూడొచ్చు. అది మన దగ్గర్నుంచి అంటుకున్న జలుబే అయ్యుండొచ్చు, మనుషుల ఫ్లూ ఫెర్రెట్లకు నేరుగా వస్తుంది. మనకు పడిశం పట్టినప్పుడు ముద్దులు మాని, మాస్కు పెట్టుకోవాలి. ఇక నిద్ర. రోజుకు 14 నుంచి 18 గంటలు నిద్రపోతుంది, అదీ చచ్చిన శవంలా. మొదటిసారి చూసినప్పుడు మా చెల్లి ఏడ్చేసింది. ఒళ్లు వెచ్చగా, చిగుళ్లు గులాబీ రంగులో ఉండి, ముక్కు దగ్గర మాంసం పెడితే కళ్లు తెరిచిందంటే అది నిద్రే. ఒళ్లు చల్లబడి, చిగుళ్లు పాలిపోయి, ఎంత కదిపినా లేవకపోతే పైన చెప్పిన తేనె పని మొదలుపెట్టాలి.

ఇంట్లో చూడటంలో అసలు ప్రమాదం మన సొంత వైద్యం. ఒకసారి థర్మామీటర్‌లో 102 కనిపించేసరికి కంగారుపడి మెడికల్ షాపుకు పోయాను. చిన్నపిల్లల చుక్కల మందు చేతిలో పెట్టారు. అదృష్టం కొద్దీ వేసే ముందు కనుక్కున్నాను. ఫెర్రెట్‌కు 100 నుంచి 104 ఫారన్‌హీట్ దాకా మామూలే. పారాసిటమాల్, ఇబుప్రొఫెన్ దానికి విషం.

ఎండదెబ్బకైతే దూరపు డాక్టరు గురించి ఆలోచించనే వద్దు. 30 డిగ్రీలు దాటితేనే ఫెర్రెట్ తట్టుకోలేదు, మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో 40 దాటడం మామూలు. నోరు తెరిచి రొప్పుతూ నేల మీద చాపలా పరుచుకుపోతే పాదాలు, పొట్ట చల్లని నీళ్లతో తడిపి, ఫ్యాన్ కింద పెట్టి, దగ్గరున్న ఆసుపత్రికి పరుగెత్తాలి. ఐసు నీళ్లు వద్దు. కరెంటు పోతే ఏసీ లేదు కదా అని నేను గడ్డకట్టిన నీళ్ల బాటిళ్లు రెండు ఎప్పుడూ ఫ్రిజ్‌లో ఉంచుతాను, గుడ్డ చుట్టి గూట్లో పెట్టడానికి.

కాలేజీల మాట ఎక్కడొస్తుందంటే, రబ్బరు మింగినప్పుడు. హవాయి చెప్పు అంచు, రిమోట్ బటన్లు, ఇయర్‌ఫోన్ బుడిపెలు, ఏదైనా కొరికి మింగేస్తుంది. తిండి మానేసి, పళ్లు కొరుకుతూ, పెంట సన్నగా వచ్చి ఆగిపోతే పేగుకు అడ్డం పడిందనుకోవాలి. దీనికి ఎక్స్‌రే, ఆపరేషన్ కావాలి. ప్రొద్దుటూరు గంట, గంటన్నర. తిరుపతి రాజంపేట మీదుగా మూడు గంటలు. బయల్దేరే ముందే ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగాలి: గ్యాస్ మత్తు ఉందా, కిలో బరువున్న జంతువుకు ఆపరేషన్ చేస్తారా? రెండింటికీ ప్రొద్దుటూరులో అవునంటే అక్కడికే, లేకపోతే తిరుపతికి. ఆదివారం, సాయంత్రం తర్వాత అయితే ఈ లెక్కంతా తారుమారవుతుంది, అప్పుడు డ్యూటీలో ఉన్న సర్జన్ ఎక్కడుంటే అక్కడికే. "మాంసం మాత్రమే తినే చిన్న పిల్లి అనుకోండి సార్, కానీ రాత్రంతా ఉపవాసం ఉంచొద్దు" అని డాక్టరుకు చెబితే సగం పని అయిపోతుంది.

మరి బెంగళూరు ఎప్పుడు? తోక దగ్గర మొదలై వీపు మీదికి వెంట్రుకలు ఊడిపోతుంటే. అది మూత్రపిండాల దగ్గరుండే అడ్రినల్ అనే హార్మోన్ గ్రంథి జబ్బు, నెలల తరబడి నడుస్తుంది. చర్మం కింద పెట్టే హార్మోన్ ఇంప్లాంట్‌తో నెలలపాటు అదుపులో ఉంటుంది. తెలిసిన చెయ్యి దగ్గరే చేయించాలి, తొందర లేదు. ఒక్క మెలిక ఉంది. మగ ఫెర్రెట్ అయితే ఇదే జబ్బు ప్రొస్టేట్‌ను ఉబ్బించి మూత్రం ఆపేస్తుంది. ముక్కుతూ, చుక్కలు చుక్కలుగా పోస్తుంటే బెంగళూరు మాట మరిచిపోయి ఊళ్లోనే ఆ మూత్రం తీయించాలి.

డిస్టెంపర్ అనే వైరస్ జబ్బుకు ఏ ఊరు పోయినా ఒకటే. వీధి కుక్కల నుంచి వస్తుంది, గడ్డం కింద దద్దుర్లు, కళ్లలో పుసులు, పాదాలు గట్టిపడటం, ఇంక దాదాపు బతకదు. టీకా ముందే వేయించాలి. కుక్కల టీకాలన్నీ పనికిరావు, టీకాలోని వైరస్‌ను ఫెర్రెట్ కణాల్లో పెంచి ఉంటే అది జబ్బునే తెస్తుంది. అందుకని ఏ టీకా అన్నది బెంగళూరు డాక్టరును అడిగి వేయించడం మంచిది.

వారం తర్వాత బుడ్డోణ్ణి చివరికి బెంగళూరు తీసుకుపోయాం, తెల్లవారి నాలుగుకే, ఎండ రాకముందు. స్కానింగ్‌లో గడ్డ కనబడలేదు. "కందిగింజంత కూడా ఉండదు, కనబడకపోవడం మామూలే" అన్నారు డాక్టరు. ఆపరేషన్ ఇప్పుడే వద్దనుకున్నాం, మా ఊళ్లో మొదలుపెట్టిన మందే వాడమన్నారు. తిరిగి వచ్చేటప్పుడు గువ్వలచెరువులో ఆగి పాలకోవా కొన్నాం. ఆ వాసనకు బుడ్డోడు బుట్ట జాలీలోంచి ముక్కు బయటపెట్టి అటూ ఇటూ తిప్పాడు. అమ్మ చెయ్యి ముందుకు పోబోయింది. నేను టిఫిన్ డబ్బా తీసి కోడి ముక్క పెట్టాను.